చెవి గుర్తు

కౌటొకైనోలో మధ్యాహ్నమే చీకటి.
పొయ్యి పక్కన రిస్తిన్ అవ్వ
రెయిన్‌డీర్ ఎముకలోంచి మూలుగ తీస్తూ
కథ ఎత్తుకుంది:

"మంచు పడే ముందు తప్పిపోయొచ్చిందో దూడ.
చెవికి ఏ గాటూ లేదు.
పక్క గుడారం వాళ్లదని తెలిసే
ఒకడు తన గుర్తు కోశాడు.
తల్లి వారం రోజులు
మంద చుట్టూ తిరుగుతూనే ఉంది."

"దొంగ!" అన్నాడు ఏడేళ్ల ఐలో.
"వాడి పేరేంటి?"

అవ్వ వేళ్లు తుడుచుకుంది.
"నీ పేరే. మా తాత."

పొయ్యిలో బర్చ్ కట్టె చిటపటమంది.

అవ్వ ఒరలోంచి తీసి వాడి ఒళ్లో పెట్టింది,
పిడి అరిగిన కత్తి.
"అదే ఇది.
వచ్చే వేసవి మొదటి గాటు నీది.
ముందు తల్లెవరో చూడు."

ఐలో చెయ్యి
కత్తి మీదికి పోలేదు.
మెల్లగా
తన చెవి తడుముకుంది.