పుత్తూరు కట్టు

నీ టాబ్లెట్లో ఆ బొమ్మల యుద్ధం
మూడుసార్లు చూసినా, జోషితా.
కత్తి దూసినోడి కాలికింద ఎండుటాకు కూడా నలగలే.
గాల్లోకి లేచినాడు, చందమామకు అడ్డంగా నిలబడినాడు,
కొట్టబోయే దెబ్బకు ఒక పేరు పెట్టి
ఆ పేరు గొంతు చించుకోని అరిచినాడు,
ఆమైన తీరిగ్గా కొట్టినాడు.
బాగుండాది.
ఎగతాళి కాదు, నిజంగానే బాగుండాది.

ఇప్పుడు గుణ నడుముకు తాడు కట్టి
ఈ మామిడిగుజ్జు ఫ్యాక్టరీ రేకులకప్పు దాకా లాగమంటావు.
సీజన్ అయిపోయి మూడు నెల్లయినా
చిత్తూరులో ఈ నేలకు మాత్రం తోతాపురి జిగట వదల్లే,
ఈగలకు ఆశా చావలే.
తాడు ఒక కొస వాడికి, ఒక కొస నాకు.
వాడు అరవైరెండు కేజీలు.
బొమ్మకు కేజీలుండవు.
"తాడు కంప్యూటర్లో చెరిపేస్తాం మాస్టర్" అంటివి.
చెరిపెయ్ తల్లీ.
వాడి బరువు చెరపబాక.

మద్రాసులో పంతొమ్మిదేండ్లు నా పని పడడం.
హీరో పిడికిలి జానెడు దూరంలో ఆగిపోయేది,
నేను అద్దాల్లోంచి పోయి అవతల పడేవాణ్ణి.
చప్పుడు తర్వాత కలిపేవాళ్ళు,
తడిగుడ్డ బండకేసి బాది.
ఈ ఎడమ చెయ్యి రెండుసార్లు పుత్తూరు చూసొచ్చింది.
కోడిగుడ్డు సొన, ఆకుపసరు, వెదురుబద్దలు,
ఎముకను సరిగ్గా లాగేటప్పుడు
కట్టేటాయన నాతో వానల గురించి మాట్లాడినాడు.

ఇరిగిన క్షణాన నొప్పుండదు, తెలుసా.
ఒక రెప్పపాటు ఏమీ ఉండదు.
మనిషి తన చెయ్యినే
ఎవురిదో చెయ్యి అన్నట్టు చూసుకుంటాడు.
నీ కెమెరా ఆడ ఉండాల.
రక్తం కాడ కాదు.

మా పక్క భారతం మిట్టలో
పద్దెనిమిదో నాడు మట్టి దుర్యోధనుడు పండుకోనుంటాడు,
లారీకంటే పొడుగు.
ఆ ఏడు భీముడి వేషం మా రేషన్ డీలరుది.
భుజాల మింద చెక్క రెక్కలు, మొగమంతా అరదళం,
తగరం కాగితం చుట్టిన గద.
యాడ చూసినా ఒక్క నిజం లేదు.
అట్లాంటోడు ఆ మట్టి ఒళ్ళు చుట్టూ
ఎర్రటి ఎండలో గంటన్నర తరిమినాడు,
అరికాళ్ళు బొబ్బలెక్కి, రొప్పతా.
నడాన ఆగి చెంబెడు నీళ్ళు తాగినాడు.
వేషం కట్టిన దుర్యోధనుడూ ఆగినాడు, చెంబు ఖాళీ అయ్యేదాకా.
కొట్టింది ఒక్క దెబ్బే.
మట్టి తొడలో దాచిన కుండ పగిలి ఎర్రనీళ్ళు చిమ్మితే,
బియ్యం తూకంలో మోసమని
ముందురోజే ఆయన్ని దుమ్మెత్తిపోసిన మా చిన్నత్త
చేతులెత్తి మొక్కింది.

మీ జపానోళ్ళకూ ఈ సంగతి తెలిసినట్టే ఉండాది.
ఇద్దురు కత్తులు పట్టుకోని ఊరికే నిలబడతారు,
గాలికి గడ్డి ఊగతాది, ఎవురూ కదలరు.
నువ్వు దాన్ని తోసేసి ముందుకు పొయ్యినావు,
నేను ఆడే ఆపి చూసినా.

గుణ జుట్టు నీలంగానే ఉండనీ.
కత్తి వాడికంటే పొడుగుంటే పొడుగుండనీ.
దెబ్బ పేరు కూడా అరవనీ,
అయితే అరిచినాక వాడికి ఊపిరి చాలకపోవాల.
ఆ ఆయాసాన్ని కోసెయ్యబాక,
మాలాంటోళ్ళు చూసి గుర్తుపట్టేది దాన్నే.

సరే, లాగతా ఉండా.
గుణా, పైన కాళ్ళు బిగబట్టబాక.
దిగేటప్పుడు జారతావు, జిగట ఉండాది.
జారు.
అరచెయ్యి నేలకానించి లెయ్,
లేచి ఆ చేతిని ఒకసారి వాసన చూసుకో,
ఆమైనే అవతలోణ్ణి చూడు.

జోషితా,
నేను చెప్పేదాకా కట్ అనబాక.