తరుగు

బాదేపల్లి యార్డుల ముప్పై ఏండ్ల దడ్వాయిని.
పల్లికాయ, మక్కలు, వడ్లు, ఆముదాలు,
నా ముందల తూగనిది లేదు.
బస్తా కాంటా మీద పడంగనే
అంకె కన్న ముందు నా కన్ను చెప్తది.
నన్ను మాత్రం
నేనెన్నడు తూచుకోలే.

మొన్న దవాఖాన మెట్లెక్కుతుంటె
మూడో మెట్టు కాడ మోకాలు మొరాయించింది.
"ఎర్రోళ్ల ఆశన్న, యాభై ఒకటి" అని చీటి చదివి
నా బిడ్డ ఈడు డాక్టరమ్మ
మిషిన్ మీద నిలబెట్టింది.
డెబ్బై తొమ్మిది.
ఖాళీ సంచి బరువు తీసెయ్యుమన్న.
ఆమె నవ్వలే.
"నాలుగు కిలోలు తగ్గాలె. నాలుగే.
నెలకొకటి చాలు.
అంతకన్న జల్దిగ దిగితే
దిగేది కొవ్వు గాదు, నువ్వు."

నెలకొక కిలో!
సీజన్ల దినానికి ఆరునూర్ల బస్తాలు చూసే మనిషిని.
నెలకొక కిలో అంటే
ఒక్క చీమ సంచి మోసుకపోయినట్టు.

వీరప్ప సేటు చెవుల చెప్పిండు,
డబ్బా పొడి కలుపుకొని తాగు, బువ్వ బంద్ చెయ్యి.
ఆయనే పోయిన ఎండకాలం అట్ల జేసి
నెలల తొమ్మిది కిలోలు తగ్గి
వేలంపాట నడుమ కాయ కుప్ప మీద ఒరిగిండు.
నీళ్లు చల్లి లేపినం.
దసరా నాటికి పది తిరిగొచ్చినయి,
మిత్తితోని.

నేను గా తొవ్వ పోలే.
మా ఉసేనమ్మ గంటె మార్చింది,
పెద్ద గంటె అటకెక్కింది.
రాత్రి బువ్వ పోయి ఒక జొన్నరొట్టె వచ్చింది,
పక్కకు పుంటికూర, చారెడు ఉడికిన పెసలు.
మిర్చిబజ్జి గురువారమే అని ఒప్పందం.
మంగళారం నుంచే వాసనొస్తది.
చాయల చక్కెర సంగతి అడగకుండ్రి,
ఇంక కొట్లాడుతనే ఉన్న.
తెల్లారి రైలుగేటు దాంక నడక.
మోకాలు నొస్తే ఆగాలె,
ఆగినందుకు సిగ్గుపడొద్దు.
నడిచేదానికన్న గదే కష్టం.

పొద్దుగాల యార్డుల ఎవ్వరు లేనప్పుడు
చెప్పులిడిచి కాంటా ఎక్కుత.
ఒక వారం రెండునూర్ల గ్రాములు దిగుత,
ఇంకో వారం ఎవరిదో పెండ్లి,
అంకె మళ్ల నన్ను చూసి నవ్వుతది.

గీ కాంటా కాన్నే, నా కుర్రతనంల,
తేమ అని, మట్టి అని, సంచి అని
బస్తాకు కిలోన్నర తరుగు రాసేటోన్ని.
ఎందుకని రైతు అడిగితే
"కాయిదా" అనేటోన్ని.
తల గూడ ఎత్తకపోతుంటి.
ఆ కిలోన్నరలు ఏడికి పోయినయో
నడుం చుట్టు తడుముకుంటే
ఇప్పుడు జర అనుమానమైతది.

నిన్న నసుకుల నేను కాంటా మీదున్న.
రాత్రే బండి తోలుకొచ్చి
బస్తాల మీద పండుకున్న కుర్మక్క
కొంగు తీసి చూసింది.
"ఎంత తరుగు దీసిండ్రు, దడ్వాయీ?"
"కిలోన్నర."
"కాయిదానా?"

ఏం చెప్పాలె.
కాంటా దిగి చెప్పులేసుకున్న.
డాక్టరమ్మ లెక్కల ఇంకా రెండున్నర బాకీ.
దీపావళి దాటుతదేమో. దాటనియ్యి.

ఆమె మొదటి బస్తా నేనే గుంజి ఎక్కిచ్చిన.
సంచి బరువు సంచికే తీసి,
మిగిలిన అంకె గ్రాముతో సహా రాసిన.
మా తాత కుంచంతోని కొలిచేటప్పుడు
ఒకటి అనకపోతుండె.
రెండుకు ముందు ఇంకో మాట ఉంటుండె.
పావురాలు లేసిపోయేటట్టు
గట్టిగ పిలిచిన,
"లాభం!"

కుర్మక్క కొంగు మీదికి గుంజుకొని
మళ్ల పండుకున్నది.