హెడర్ చెల్లదు

రాత్రి పదకొండు దాటింది.
కాశీబుగ్గలో పప్పు కొట్లన్నీ షట్టర్లు దించేశాయి.
మా గేటు దగ్గర మాత్రం తార్పాలిన్ కట్టుకున్న లారీ.
అప్పలసూరి మూడో బీడీ పారేసి
"ఏటి బాబూ, ఇంకా ఒగ్గరా?" అంటాడు.

తెల్లారేసరికి విశాఖ రేవులో ఉండాలి సరుకు.
సరుకు సిద్ధమే. సరుకు కబురు మోసుకెళ్ళే ఫైలునే
సముద్రం అవతలి యంత్రం
మూడుసార్లు తిప్పి కొట్టింది.
ప్రతిసారీ అదే మాట, అంతే మర్యాదగా:
హెడర్ చెల్లదు.

లోపలివన్నీ మళ్ళీ చూశాను.
గుండ్లు ఎన్ని డబ్బాలు, బద్దలు ఎన్ని,
తూకం, తేమ, రేటు.
ఒక్క అబద్ధం లేదు.
అది అక్కడిదాకా రానేలేదు మరి,
గుమ్మంలోనే ఆపేసింది.

తేదీ అనుమానించాను. తేదీ తప్పు లేదు.
మొదట వేసిన నంబరూ చివర వేసిన నంబరూ
కవల పిల్లల్లా ఒకేలా ఉన్నాయి.
గంట కొట్టారు ఎక్కడో, పన్నెండు.
ఇక పెన్సిలు తీసుకుని
తెర మీద మొదటి వరుస
ఒక్కో అక్షరమూ లెక్కపెట్టాను,
చిన్నప్పుడు ఎక్కం మరిచిపోతే వేళ్ళు మడిచినట్టు.

నూరు.
మళ్ళీ లెక్కపెట్టాను. నూరే.
నూటికి నూరు వస్తే ఇంట్లో పంచదార పెట్టేవారు.
దీనికి నూటారు కావాలట.

పంపేవాడి పేరుకి పదిహేను గళ్ళు.
మా కంపెనీ పేరు తొమ్మిది అక్షరాలు.
మిగతా ఆరూ ఖాళీలు, ఉండాల్సిన ఖాళీలు.
కొత్త ప్రోగ్రాం పెట్టిన కుర్రాడికి శుభ్రం ఎక్కువ,
పేరు తోకన ఉన్న తెల్లనిదంతా
చెత్త అనుకుని ఊడ్చేశాడు.

ఆరుసార్లు నొక్కాను పొడుగు మీటని.
తెర మీద ఏమీ మారినట్టు కనబడదు.
పంపాను.
అందింది, అంది.
లారీ కదిలి, రైలు గేటు దగ్గర ఒకసారి మూలిగి,
హైవే ఎక్కేసింది.
ఆకుపచ్చ అట్ట నోటుబుక్కులో రాసుకున్నాను:
ఆరు ఖాళీలు. చెరపొద్దు.

కుర్చీలోనే కునుకు తీశాను.
ఏడింటికి గేటులో కీచుమంది వేలిముద్ర మిషను.
దాలమ్మ.
బొటనవేలు చీర కుచ్చిళ్ళకి తుడిచి పెట్టింది.
ఎర్ర దీపం.
నాలిక తడి చేసి పెట్టింది. ఎర్ర దీపం.
పంతొమ్మిదేళ్ళ జీడి
ఆ వేలి మీద గీతలన్నీ తినేసింది.

"ఏటంతాది బాబూ?"
"ఇంకోపాలి ఎట్టమంతాది."
"ఎన్నిపాలు ఎట్టినా అదే ఏలు కదేటి."

ఇక్కడ ఎన్ని ఖాళీలు నొక్కాలో
నా నోటుబుక్కులో లేదు.
పాత మస్టరు పుస్తకం కోసం బీరువా వెతికాను,
దుమ్ము దులిపాను, పెన్ను రాయలేదు, విదిలించాను.

ఈలోగా ఆవిడ లోపలికి పోయి పీట వేసుకుంది.
మొదటి గింజ పగిలిన చప్పుడు.
గుండు విరగలేదు.