రెండుంపావు

ట్రోమ్సోలో నవంబరు ఆఖరు. సూర్యుడు సెలవు పెట్టాడు.
పిల్లల వార్డు నేల మీద నీలం చేపలు.
వాటి వెంట నడిస్తే డాక్టర్ ఆస్‌లౌగ్ గది వస్తుంది.
పదిహేడేళ్లు నడిచాను.
ఏడో చేపకి తోక లేదు,
అరగదీసింది నేనే.

చివరిసారి ఆవిడ నా ఎత్తు కొలిచింది.
"ఇంక పెరగవులే" అంది.
అని, మళ్లీ కొలిచింది.

పెద్దవాళ్ల విభాగం ఎంతో దూరం కాదు,
లిఫ్టులో రెండంతస్తులు.
తలుపు తెరుచుకుంటే చేపల్లేని నేల.
మోకాలి మీద టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన
"ఎవరికి తోడొచ్చావమ్మా?" అన్నాడు.
నాకే, అన్నాను.

నాన్నని బయటే కూర్చోమన్నారు,
"పద్దెనిమిది నిండాయిగా" అని నవ్వుతూ.
ఫైలు నాకివ్వబోయి చంకలో పెట్టుకున్నాడు,
పెట్టుకుని మళ్లీ ఇచ్చాడు.
ఇటుకంత బరువు.
పాలపళ్ల నాటి రక్తం లెక్కలు, ఒక పేజీ నిండా కాఫీ మరక.

కొత్త డాక్టరు కుర్రాడు. మంచివాడే.
జబ్బు పేరు టైపు చేస్తూ ఆగి
అక్షరాలు చెప్పమన్నాడు.
చెప్పాను.
నా ఇంటిపేరు కంటే ముందు నేర్చిన అక్షరాలు.
"రాత్రి పిండి ఎవరు కలుపుతారు?"
నేనే, అన్నాను.
అబద్ధం కాదు. ఇంకా నిజం కాలేదు, అంతే.

మా నాన్న మంచు తోసే బండి నడుపుతాడు.
రాత్రి రెండుంపావుకి ఊళ్లో ఎక్కడున్నా
బండి మా ఇంటి కింద ఆగేది.
బూట్లతోనే పైకొచ్చి, చల్లటి వేళ్లతో చెంప తట్టి
"రాగ్నీ, లే. తాగి పడుకో."
ఊరంతటిలో ముందుగా మంచు పోయేది మా వీధిలోనే.
అదృష్టం అనుకునేవాళ్లు ఇరుగుపొరుగు.

ఇవాళ ఫోను మోగింది.
నేనే లేచాను.
తూకం మీద మొక్కజొన్న పిండి, పచ్చి నీళ్లు,
కాస్త ఒలికింది, వేలితో ఎత్తి నాకాను.
గ్లాసు అంచుకి చెంచా తగిలిన చప్పుడు
ఇంత పెద్దదని తెలీదు,
ఇన్నాళ్లూ నిద్రలోనే విన్నాను కదా.

కప్పు మీద నారింజ వెలుగు ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయింది.
బండి ఆగలేదు.
ఆగొద్దని చెప్పింది నేనే.
వంటింటి దీపం ఆర్పి, వెలిగించి, ఆర్పాను.

గ్లాసు కడిగి బోర్లించి
కిటికీలోంచి చూస్తే
వీధిలో మంచు ఎప్పుడో పోయింది.
బండి మూడోసారి వస్తోంది.