మూడు లెక్కపెట్టేలోపు

స్టవ్ గట్టు కింద కూర్చోని
వేలి కొసనుంచి ఒక నీళ్లచుక్క వదిలినాను.
ఒకటి. రెండు.
మూడనేలోపు తాగేసింది గీత.

టైలు తాగదు.
దానిమీద చేపల పులుసు పొంగినా సరే
తడిగుడ్డ పెట్టి లాగితే
మొహం కడుక్కున్న పిల్లలా తేటగా ఉంటాది.
టైలుకీ టైలుకీ నడాన సందుంది చూడండి,
అది అట్టా కాదు.
పసుపు పడితే పసుపు, టీ పడితే టీ.
వరదొచ్చిన ఏడు గడప దాటిన పెన్న బురద
ఇప్పటికీ దాని పొట్టలోనే ఉండాది.

మా చెంచయ్య టైల్సు మేస్త్రి.
నెల్లూరులో ఎవురింట్లో పని ముగించినా
చేతులు కడుక్కుంటా చెప్పే మాట ఒకటే:
"వారం ఆరనిచ్చి సీలర్ పూయండమ్మా,
లేకపోతే గ్రౌటు అంతా పీల్చేస్తాది."
మా ఇంటికి మాత్రం
ఆ డబ్బా రేపొస్తా ఉంది, ఎనిమిదేళ్లుగా.

ఈ నేల కొన్నది కాదు.
గోధుమరంగువి నాలుగూ దర్గామిట్టలో పళ్ల డాక్టరివి.
పువ్వున్నది మాగుంట లేఅవుట్లో ఒకామె వద్దని పీకించింది.
అంచు విరిగిన నీలం, కోవూరు రైసుమిల్లు బాత్‌రూములో మిగిలింది.
ఒకదానికొకటి కొలత కుదరక
సందులు ఒకచోట దారమంత, ఒకచోట చిటికెన వేలంత.
పాకెట్టు పొడి చాలక, రాత్రికి రాత్రి
తెల్ల సిమెంటులో పెన్న ఇసక జల్లించి కలిపినాడు.
దప్పిక పుట్టక ఏం చేస్తాది?

మొదటిసారి జానాబీ మాట విని యాసిడ్ పోసినాను.
బుసబుసా పొంగింది.
మురికి చస్తా ఉందని సంబరపడినాను.
మర్నాడు చీపురు పెడితే
చాటలోకి తెల్లగా ఇసక లేచొచ్చింది.
చచ్చింది మురికి కాదు.

అందుకే ఇప్పుడు వంటసోడా, గోరెచ్చని నీళ్లు,
పిల్లోడు పారేసిన టూత్‌బ్రష్షు.
అడ్డంగా కాదు, గీత వెంబడే రుద్దాల.
మధ్యాన్నం కరెంటు పోయింది.
మోకాళ్ల మీద గోనెసంచి అచ్చులు.
రెండు గంటలకి నాలుగు టైల్సు చుట్టూ అయింది.
ఇంకెన్నో చూడకూడదనుకోనే లెక్కపెట్టినాను,
ముప్పైరెండు.

బియ్యం డ్రమ్ము జరిపితే గోడ మూల
తాపీ దూరలేదేమో, వేలితో నొక్కి లాగినట్టుండాడు:
బొటనవేలి పల్లం,
దాని కొసన చర్మం గీతలు కూడా.
బ్రష్షు అక్కడిదాకా వచ్చి ఆగింది.
గుడ్డ తడిపి అద్ది వదిలేసినాను.

పొద్దు గూకినాక వచ్చినాడు.
చెప్పులిడస్తానే నేలకేసి చూసి
"తెల్లబడింది గదే, ఏం పోసినావు?" అన్నాడు.
గ్లాసులోంచి ఒక చుక్క గీతమీద వదిలి
"లెక్కపెట్టు" అన్నాను.
ఇద్దరం వంగి చూసినాం.
రెండు దగ్గర ఆగిపోయినాడు.

"ఆదివారం తెస్తాలే డబ్బా."

ఏ ఆదివారమో అడగలేదు.
తడి ఆరిందాకా అటు తొక్కొద్దని మాత్రం చెప్పినాను.