లోపలి బాణం గుర్తు

సేఫ్టీ వారానికి బహుమతులు ముందే కొనేశారట,
గెలిచేది మగాడే అనుకుని.
ప్రశంసాపత్రం మీద అచ్చయిన "శ్రీ" పక్కన
"మతి" అని పెన్నుతో ఇరికించారు, ఆ తర్వాతే బోర హైమావతి.
మేనేజరు ఇచ్చిన వాచీ వేదిక మీదే పెట్టుకుంటే
మోచేతి దాకా జారిపోయింది.
అందరితో పాటు నేనూ నవ్వాను.

కురుపాం మార్కెట్లో వాచీల కొట్టాయన
కంటికి బిగించిన అద్దం తియ్యకుండానే
"మీ ఆయనదా అమ్మా?" అన్నాడు.
నాదే.
"ఇది ఇచ్చేసి లేడీస్‌ది తీసుకోరాదూ, ముచ్చటగా ఉంటాది."
వాచీ సంచిలో వేసుకుని
మల్కాపురం బస్సెక్కేశాను.

ఆదివారం. నీళ్ళు పట్టడం అయిపోయింది.
వంటగది గట్టు మీద తెల్ల తువ్వాలు పరిచాను.
తెల్లదంటే, రేవు దుమ్ము పడకముందు తెల్లదే.
పాత హవాయి చెప్పుకి కత్తిపీట మీద గాటు పెట్టి
గొలుసుని అందులో నిలబెట్టాను.
లింకుల వెనక, ఒంటికి తగిలే వైపు,
చీమ తలకంటే చిన్న బాణం గుర్తులు.
ఇటు తోస్తేనే వస్తామని.
ఎవరూ చూడని చోట ఇంత శ్రద్ధగా
దారి చెప్పిపెట్టినవాడెవడో,
వాడి చేతికి దణ్ణం.

దబ్బనం మొన ఆనించి, పచ్చడిబండతో
ఒక దెబ్బ. కదల్లేదు.
ఇంకోటి. దబ్బనం వంగింది.
ఆఫీసు బీరువాలో ఓ వానాకాలమంతా ఉందేమో,
ఈ ఊరి గాలికి కొత్తా పాతా లేదు,
కిటికీ చువ్వ దొరికితే చువ్వ, పొయ్యి కాలు దొరికితే కాలు.
కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి
టీ పెట్టుకున్నాను.

నలభై మీటర్ల ఎత్తున గాజు గదిలో కూర్చుని
కాళ్ళ కింద నీళ్ళు ఊగుతుంటే
ముప్పై టన్నుల పెట్టెని ఓడ కడుపులోంచి
గంపలోంచి గుడ్డు తీసినట్టు తీసి
లారీ వీపు మీద దించుతాను నేను.
నాలుగు మూలలా తాళాలు పడ్డ చప్పుడు
చెవికంటే ముందు అరచేతికి తెలుస్తుంది.
ఆ అరచెయ్యే ఇవాళ
చీపురుపుల్ల ముక్కంత మేకు ముందు
చెమట్లు కక్కుతోంది.

పక్క వాటా ఎర్నమ్మ గుమ్మంలో నిలబడి,
"ఏటమ్మా ఆదివారం పూట కంసాలి పని?
వదులైతే గుడ్డ చుట్టి కట్టీ.
మా అత్త గాజులు నానలాగే ఏసుకునీదాన్ని."
ఆమెకీ టీ పోశాను.
నిలబడే తాగింది, మేకు మీంచి కళ్ళు తియ్యకుండా.
"ఇప్పుడు కొట్టు," అంది.

కొట్టాను. వచ్చేసింది,
ఊడిన పాలపన్నులా అంత తేలిగ్గా.
రెండోదీ వచ్చింది. మూడోది ఎగిరి ఎక్కడో పడింది.
ఇద్దరం మోకాళ్ళ మీద నేలంతా తడిమాం.
ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి తిప్పితే
ఒక తలపిన్నూ, పోయినేటి చెవిదిద్దు మరా దొరికాయి.
ఆ రకం స్టీలు అయస్కాంతాన్ని లెక్కచెయ్యదని
గుర్తొచ్చేసరికి
అది ఎర్నమ్మ మడమకి గుచ్చుకుని ఉంది.
తిట్టింది, వాచీనో నన్నో.

ఆరంకె వైపు రెండు, పన్నెండు వైపు ఒకటి.
అలా తీస్తేనే తాళం మణికట్టు నడిమికి వస్తుంది.
బరువు ఎటు మొగ్గితే పెట్టె అటు ఊగుతుందని
నాకొకరు చెప్పక్కర్లేదు.
తిరిగి పెట్టేటప్పుడు మాత్రం
మేకు బాణానికి ఎదురెళ్ళాలి.

సోమవారం డ్యూటీలో
అద్దాల్లోంచి ఎండ దిగి, రెండయ్యేసరికి
మణికట్టు ఉబ్బింది. లింకుల అచ్చులు వరసగా,
ఎర్రగా, లెక్కపెట్టుకోవచ్చు.
సరిగ్గా కుదిరిందని ఆదివారం మురిసింది
పొద్దుటి చెయ్యిని చూసి.

రాత్రి ఇంటికొచ్చి
తీసిన మూడింట్లో ఒకటి మళ్ళీ పెట్టాను.
ఎర్నమ్మని పిలవలేదు, దబ్బనమూ వంగలేదు.
మిగిలిన రెండూ పోపులపెట్టెలో
మెంతుల పక్క గిన్నెలో ఉన్నాయి.

వచ్చే ఏడు బహుమతి కొనేముందు
ఎవరైనా కొలత అడిగితే చెప్తాను.
పదమూడు లింకులు,
సాయంత్రానికి వేలు దూరేంత చోటు కలుపుకుని.