మూడో ప్రూఫు

కూర్చో పెంచలప్రసాదూ,
ఆ కుర్చీ వద్దు, దానికి కాలు విరిగింది, ఇటు స్టూలు మీద.
చూళైలో కరెంటు పోయిందంటే
వచ్చేదాకా ఈ బ్యాటరీ దీపమే గతి.
నీ నవల చదివాను. మూడొందల పన్నెండు పేజీలు.
రెండుసార్లు నిద్రపోయాను,
ఒకసారి లేచి తలుపు గడియ చూసుకున్నాను.
ఆ ఒక్కసారి గురించే నిన్ను రమ్మన్నది.

మొదటి పేజీలోనే కుక్కలు ఏడ్చాయి,
రెండో పేజీలో కిటికీ రెక్క కొట్టుకుంది,
మూడో పేజీలో నల్లపిల్లి.
నాయనా, కుక్కలకి వేరే పనుల్లేవా?
'భయంకరమైన' అని నూట నలభై చోట్ల రాశావు,
లెక్కపెట్టాను, ప్రూఫులు దిద్దిన కళ్లు ఊరుకోవు.
పులుసులో కారం మండిందని
తిన్నవాడు చెప్పాలి గానీ వండినవాడు కాదు.

నన్ను మంచం మీంచి లేపింది
నూట ఎనభై ఏడో పేజీ.
రాత్రి షిఫ్టు, పెరుంగుడి ఆఫీసు గేటు,
లిస్టులో అయిదు పేర్లు, క్యాబులో ఆరు తలలు.
డ్రైవరు ఒక్కొక్కర్నే దింపుకుంటూ పోయి
ఆఖరికి అద్దంలోకి చూడకుండా
"మీ ఇల్లెక్కడ సార్" అంటాడే,
అక్కడ.
ఒక్క విశేషణం కూడా వాడలేదక్కడ నువ్వు.
తెలిసి మానేశావో, అలసిపోయి మానేశావో.

నాదొకటి చెప్తాను, మంచినీళ్లు తాగు.
రాయపేటలో మా ప్రెస్సు, సీసం అక్షరాల కాలం.
ఏసుపాదం అని కంపోజిటరు.
అన్నం కలిపినంత తేలిగ్గా పేర్చేవాడు పేజీలు.
'ళ' ఒక్కటే తలకిందులు పెట్టేవాడు,
ఎన్నిసార్లు ఎర్రసిరా చుట్టినా.
ఆడి నెలలో ఒక మంగళవారం పోయాడు.
కీల్పాక్ వెళ్లి తలా గుప్పెడు మట్టి వేసి వచ్చాం.
గురువారం పొద్దున నా బల్ల మీద గేలీ,
ఇంకా తడి ఆరలేదు.
'తాళం'లో ళ తలకిందులు.
'మేళం'లో తలకిందులు.

ఎవర్నీ అడగలేదు. దిద్దాను, పంపాను.
పదకొండు రోజులు దిద్దాను.
వేలికి ఇంకు అంటితే రెండుసార్లు సబ్బు రాసేదాన్ని.

పన్నెండో రాత్రి ఉండబట్టలేక రిక్షా కట్టించుకుని వెళ్లాను.
అక్షరాల కేసు ముందు పీట వేసుకుని నిలబడ్డాడు
వాళ్ల అబ్బాయి. పద్నాలుగేళ్లుంటాయేమో,
తండ్రి చొక్కా, చేతులు మడిచి మడిచి.
నెల నిండకపోతే జీతం ఇవ్వరని ఎవరో అన్నారట.
తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్న పని,
తప్పుతో సహా.
గుమ్మంలో తెల్లచీరలో నన్ను చూసి
ఎంత గట్టిగా అరిచాడనుకున్నావు!
ఆ రాత్రి దెయ్యాన్ని చూసింది వాడు.

అందుకే అడుగుతున్నా, ఆ ఆరోవాడెవడు?
పేజీ తిప్పగానే జుట్టు విరబోసి కోరలు పెట్టేశావు.
పాపం, వాడు ఇల్లు చేరాలనుకుంటున్నాడు.
ఆఫీసు వాడికేమైనా బాకీ ఉందా?
అది కనుక్కో, తర్వాత కోరల సంగతి.

ఇక అచ్చంటావా,
యాభైవేలు కడితే వెయ్యి కాపీలని ఎవడో ఫోన్ చేస్తాడు.
కట్టకు. మీ అమ్మ గొలుసు జోలికి పోకు.
సొంత పుస్తకాల కట్టలు మంచం కింద పెట్టుకున్నవాళ్ల ఇంట్లో
రాత్రిపూట చెదలు నమిలే చప్పుడు విన్నావా,
నీ మూడొందల పేజీలూ దాని ముందు దిగదుడుపే.
ముప్ఫై పేజీలు పంపు. మూణ్ణెల్లు ఆగు.
జవాబు రాకపోతే అదే జవాబు.
అట్ట మీద పుర్రె వేస్తామంటే వద్దను,
తప్పదంటే చిన్న పుర్రె అడుగు.

బయల్దేరు, పార్క్ టౌన్‌లో వేళచ్చేరి బండి దొరుకుతుంది.
పెరుంగుడిలో దిగాక ఆ ఖాళీ మెట్ల మీద
ఫోను జేబులో పెట్టుకుని నడువు.
వెంటనే రాసెయ్యకు. ముందు విను.

అన్నట్టు, నూట ఎనభై ఏడులో
'తాళం' బదులు 'తాలం' అని పడింది.
పెన్సిలు ఆనించాను, తీసేశాను.
అది నువ్వే దిద్దుకో.